పొయ్యి ఆరిన సత్రం

వైశాఖ శుద్ధ దశమి, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మా ఊరి సత్రంలో పొయ్యి ఆరింది. ఆర్పింది మా మేనత్త. ఆర్పమని అడిగింది ఆమె తమ్ముడు, అంటే మా నాన్నగారు. సంవత్సరం రాయను, ఊరి పేరూ రాయను. ఆ ఇద్దరినీ ఎరిగినవాళ్ళు కాలువకు రెండు గట్ల మీదా ఇంకా ఉన్నారు. తిథీ వారమూ గంటా మాత్రం రాసి తీరతాను. సత్రం ఎప్పటి నుంచి ఇలా అయిందని అడిగితే ఊళ్ళో కొందరు వరద నుంచి అంటారు, కొందరు వంటింటి కప్పు కూలినప్పటి నుంచి అంటారు. రెండూ తప్పే. నీళ్ళ చెంబు పట్టుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను కనుక ఈ మాట అనగలుగుతున్నాను.

పోయిన నెల రావులపాలెంలో పని ముగించుకుని తిరిగి వస్తూ, కారు కాలువ గట్టు మీదికి మళ్ళించమన్నాను. మిట్టమధ్యాహ్నం. ఎండ తలకెక్కుతోంది. సత్రం గేటు తీసే ఉంది. లోపలికి వెళ్ళి, చిన్నప్పుడు ఎన్ని వందల సార్లు కూర్చున్నానో ఆ అరుగు మీద కూర్చోబోయాను. కాపలా ఆయన గబగబా వచ్చాడు. పెద్దవాడే, మర్యాదస్తుడే.

"అమ్మగారూ, అరుగు మీద కూర్చోకూడదండి. పురాతన కట్టడమండి ఇది."

"మరి అరుగు ఎందుకు కట్టారండీ?"

ఆయన నా ప్రశ్నను వెటకారంగా తీసుకోలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చూడ్డానికండి," అన్నాడు. తరవాత తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అరుగుకు ఎదురుగా వేశాడు. దారిన పోయేవాళ్ళు కూర్చుని సేద తీరాలని ఎవరో పుణ్యాత్ముడు కట్టించిన అరుగును, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పావుగంట సేపు చూశాను. ఆ పావుగంటలో నాలో రేగిన విసుగు ఇంటికి వచ్చినా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊళ్ళో ఇప్పుడు రక్షణలో ఉన్న పాత కట్టడాలు మూడు. లాకుల పక్కన కాలువల ఇంజనీర్లు దిగడానికి కట్టిన బంగళా, నడివీధిలో గ్రంథాలయం, గట్టు దిగువన సత్రం. సత్రాన్ని పూర్వం ఒక బియ్యం వర్తకుడు కట్టించాడట. పడవ దిగిన మనిషి అన్నం లేకుండా ఊరు దాటకూడదని ఆయన కోరిక. నేను పుట్టేనాటికే ప్రయాణికుల పడవలు ఆగిపోయాయి, బస్సులు వచ్చేశాయి. అయినా సత్రానికి మనుషుల కొరత ఎప్పుడూ లేదు. ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్ళు, కార్తీకంలో కాలినడకన గుళ్ళు తిరిగేవాళ్ళు, కొబ్బరి దింపులకి పొరుగు తాలూకాల నుంచి వచ్చినవాళ్ళు, అందరూ అక్కడే తినేవారు. వీళ్ళందరి కన్నా ముఖ్యులు లంకల పిల్లలు. గోదావరి మధ్య లంకల్లో ఉండే ఆ పిల్లలు మా ఊరి హైస్కూలుకి పడవ మీద వచ్చేవారు. వానాకాలం నీరు పెరిగితే పడవ దాటడం ప్రమాదం. ఆ రెండు మూడు నెలలూ సత్రంలోనే పడుకుని, అక్కడే తిని బడికి వచ్చేవారు. ఇక పెద్ద వరద వస్తే, పిల్లలే కాదు, లంకకు లంకే మూటలతో, మేకలతో, కోళ్ళ గంపలతో వచ్చి సత్రంలో దిగేది.

సత్రం వంట మా అత్తయ్యది. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చింది. సత్రం కట్టించినాయన వారసులు కాకినాడలో స్థిరపడి, వంటకు నమ్మకమైన మనిషి కోసం వెతుకుతుంటే, నేను చేస్తానని తనంతట తనే ముందుకు వచ్చిందట. సత్రం మాన్యం మీద వచ్చే బియ్యం, పప్పు, ఉండటానికి వంటింటి పక్క గది, అంతే ఆమె కోరినవి. మా ఇల్లు రెండు వీధుల అవతలే అయినా తద్దినాలకీ పండగలకీ తప్ప వచ్చేది కాదు. రమ్మని నాన్నగారు పిలిస్తే, "నేనొస్తే అక్కడ పొయ్యి ఎవరు చూస్తార్రా?" అనేది. మా అమ్మ నవ్వి, "వదినగారికి ఆ పొయ్యి పసిపిల్లతో సమానం," అనేది.

అది ఊక పొయ్యి. రైసుమిల్లు నుంచి బస్తాలతో ఊక వచ్చేది. పొయ్యి నిండా దట్టంగా కూరి, మధ్యలో బొరియ చేసి నిప్పు అందిస్తే, రోజంతా రాజుకుంటూనే ఉంటుంది. వంట ముగిశాక కూడా లోపల ఎర్రగా కణకణలాడుతూ, సన్నటి పొగ వదులుతూ ఉండేది. ఆ పొగ దూలాల మీదుగా, వాసాల మీదుగా పాకి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. వంటింటి పైకప్పు తారు పూసినట్టు నల్లగా మెరిసేది. కాలిన ఊక, ఉడికే కందిపప్పు, ఇంగువ, పాత కర్ర, ఈ నాలుగూ కలిసిన ఒక వాసన అత్తయ్య చీర కొంగున ఎప్పుడూ ఉండేది. చీర ఉతికినా పోయేది కాదు.

బడి వదలగానే నేను ఇంటికి పోకుండా సత్రానికి పోయేదాన్ని. నాతో పాటు నా బెంచీలో నా పక్కన కూర్చునే లంక పిల్ల ఉండేది. లెక్కల్లో నా కన్నా చురుకైనది, నవ్వితే ఆపుకోలేనిది. పనస పిక్కలు దొంగతనంగా ఊక నివురులో కప్పెట్టడం మా ఇద్దరి పని. అవి లోపల పటుక్కున పేలితే నివురంతా లేచి అత్తయ్య ముక్కల పులుసులో పడేది. "ఇద్దరి వీపులూ ఇలా తీసుకురండి," అనేది అత్తయ్య, గరిట దించకుండానే. వీపులు ఇవ్వడానికి మేం అక్కడ ఉంటే కదా. అరుగు మీద కూర్చుని వేడి పిక్కలు ఊదుకుంటూ వొలుచుకునేవాళ్ళం. ఆ పక్కనే ముసలివాళ్ళు లాకులు ఎప్పుడు ఎత్తుతారో, ఎవరి చేలోకి నీళ్ళు ముందు పారాయో వాదించుకుంటూ ఉండేవారు. ఆ వాదన ముందు రోజు ఎక్కడ ఆగిందో మర్నాడు సరిగ్గా అక్కడ అందుకునేవారు.

అక్కడి వంటలు తలుచుకుంటే ఇప్పటికీ ఆకలి వేస్తుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందా బచ్చలీ, దబ్బకాయ పులిహోర, వానల రోజుల్లో పెసరపప్పు పులగం మీద మాగాయ. పూర్వం సత్రంలో కొన్ని కులాలవాళ్ళకే లోపల విస్తరి వేసేవారట. నేను చాలా చిన్నదాన్నై ఉన్నప్పుడు వచ్చిన పెద్ద వరదలో అత్తయ్య ఆ ఆచారాన్ని ఒక్క పూటలో తీసేసింది. నీళ్ళలో తడిసి వచ్చిన మనిషిని నువ్వెవరని అడగడం తనకి చేతకాదని చెప్పి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. ఆ పూట లంకవాళ్ళకి ఆమె ఒక మాట ఇచ్చింది: నేను బతికున్నన్నాళ్ళూ నీళ్ళొస్తే తిన్నగా ఇక్కడికే రండి, పొయ్యి వెలుగుతూనే ఉంటుంది అని.

ఇక నాన్నగారి సంగతి. ఆయన హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పాత కట్టడాలంటే ప్రాణం. అందులో ఎవరూ తప్పుపట్టవలసింది లేదు. మా కళ్ళ ముందే పొరుగూరి సత్రాన్ని ఇటుకల లెక్కన అమ్మేసి, ఆ స్థలంలో రొయ్యలకి ఐసు తయారుచేసే షెడ్డు లేపారు. నాన్నగారు సైకిలు మీద వెళ్ళి, కూల్చేస్తుంటే చూసి వచ్చి, ఆ పూట భోజనం చేయలేదు. మన ఊరివి అలా పోనివ్వనని, ప్రభుత్వ రక్షణ కోరుతూ అర్జీలు రాయడం మొదలుపెట్టారు. చక్కటి దస్తూరి ఆయనది. గ్రాంథికంలో రాసేవారు. "వంటశాల యందలి నిరంతర ధూమము వలన అమూల్యమైన దారుశిల్పము మసిబారి నశించుచున్నది" అని ఒక అర్జీలో రాసి, ఆ వాక్యం నాచేత పైకి చదివించుకుని సంతోషించారు. ఆ వాక్యాన్ని దయచేసి గుర్తుంచుకోండి.

చైత్రంలో పురావస్తు శాఖ ఆఫీసువాళ్ళు జీపులో వచ్చి మూడు కట్టడాలూ చూశారు. వంటింట్లో మెడలెత్తి చూసిన ఇంజనీరుగారు, దూలాల మీద చెక్కడం ఉన్నట్టుంది గానీ మసి కింద ఏమీ కనబడటం లేదని, పొయ్యి ఆర్పితే తప్ప పని మొదలుపెట్టలేమని చెప్పి వెళ్ళారు. నాన్నగారు చాలా రోజులు అత్తయ్యతో ఈ మాట అనలేకపోయారు. ఆఖరికి ఆ శుక్రవారం పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. బహుశా నేనుంటే ఆమె గట్టిగా కాదనదని.

"ఒక్క నెలే అక్కయ్యా. పైకప్పు శుభ్రం చేస్తారు, కొలతలు తీసుకుంటారు. మళ్ళీ నీ పొయ్యి నీదే."

"నెలంటే ఏ నెల్రా? పంచాంగం నెలా, ఆఫీసుల నెలా?"

నాన్నగారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తమ్ముడు అడిగాడు, అంతే, ఆమెకి ఇంకో కారణం అక్కరలేకపోయింది. వేసవి సెలవులు, లంక పిల్లలు లేరు, వానలకి ఇంకా సమయం ఉంది అని లెక్క వేసుకుంది. నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించలేదు. నా చేతిలోని చెంబులోంచి దోసిలితో తీసుకుని, కొద్దికొద్దిగా చిలకరించింది. తడిసిన నివురు వాసన గదంతా నిండింది. గోడ గడియారం చూశాను. తొమ్మిదీ నలభై.

అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది. ఒక వంటింట్లో ఇద్దరు ఇల్లాళ్ళు ఇమడటం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది. మా అమ్మ గ్యాసు పొయ్యి మీద చేసే చారును అత్తయ్య వేలెత్తి తప్పుపట్టేది కాదు. రుచి చూసి, "బావుంది, ఆస్పత్రి చారులా ఉంది," అనేది. అమ్మ మొహం అటు తిప్పుకునేది. నేనూ నా తమ్ముడూ పళ్ళెంలోకి తల వంచుకుని నవ్వుకునేవాళ్ళం.

సత్రంలో పని బాగానే సాగిందని ఒప్పుకోవాలి. ఎక్కడి నుంచో వచ్చిన పనివాళ్ళు సారువలు కట్టి, బ్రష్షులతో మసి గీకి, ఏదో నూనె రాసి తుడిచారు. నల్లటి దూలాల కింది నుంచి తామరపూలు బయటపడ్డాయి, వాటి మధ్య చిలకలు. ఒక చిలక ముక్కుకి పాత ఎర్ర రంగు ఇంకా మిగిలి ఉంది. నాన్నగారు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించారు. తలెత్తి చూసి చూసి ఆయనకి మెడ పట్టేసింది, రెండు రోజులు మా అమ్మ కాపడం పెట్టింది. అంత సంతోషంగా ఆయనని నేను మళ్ళీ చూడలేదు. అత్తయ్య కూడా వచ్చి చూసింది. "ఇన్నేళ్ళూ వీటి కింద నిలబడి వండానుట్రా," అని ఆశ్చర్యపోయింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

నెల దాటింది. జ్యేష్ఠం పోయింది. పొయ్యి మాట ఎత్తితే పని మధ్యలో ఉందన్నారు. ఆషాఢంలో ఇనుప గేటు పెట్టారు, నీలం బోర్డు పాతారు. నాన్నగారిని గౌరవ సంరక్షకుడిగా నియమించి, తాళంచెవి చేతిలో పెట్టి, లోపల నిప్పు వెలిగించరాదు, ఎవరూ బస చేయరాదు అనే షరతుల మీద సంతకం తీసుకున్నారు. ఇవన్నీ పని జరిగినంత కాలమే ఉంటాయని ఆయన నమ్మారు. అదే నెలలో గ్రంథాలయం గోడలకు పని పెట్టాలని, అక్కడి పుస్తకాలన్నీ లారీలో పట్నానికి తరలించారు. లారీ ఎక్కించడానికి నాన్నగారే దగ్గరుండి సాయం చేశారు. ఆ పుస్తకాలు ఇంతవరకూ తిరిగి రాలేదు. గోడలు మాత్రం దివ్యంగా ఉన్నాయి. కట్టడాన్ని కాపాడటమంటే ముందుగా దానిలో ఉన్నదాన్ని ఖాళీ చేయడమని మా ఊరికి అర్థమయ్యే విధంగా ఎవరూ వివరించలేదు, చేసి చూపించారు.

శ్రావణంలో గోదావరి వచ్చింది. రెండు రోజుల ముసురు తరవాత ఒక సోమవారం మధ్యాహ్నం లంకలు మునిగాయి. నాటు పడవలు ఒకదాని వెనక ఒకటి గట్టుకు తగిలాయి. ఎవరినీ ఏమీ అడగకుండా, అలవాటు ప్రకారం, జనం మూటలు నెత్తిన పెట్టుకుని నేరుగా సత్రానికి నడిచారు. గేటుకి తాళం ఉంది. గేటు ముందు వానలో ఆగిపోయారు. వాళ్ళలో నా బెంచీ పిల్ల కూడా ఉంది, చంకలో చెల్లెల్ని ఎత్తుకుని.

అత్తయ్య మా ఇంటి నుంచి వచ్చేసరికి నాన్నగారు గొడుగు పట్టుకుని గేటు పక్కన నిలబడి ఉన్నారు.

"తాళం ఇలా ఇవ్వు," అంది అత్తయ్య.

"అక్కయ్యా, ఒక్క గంట ఆగు. పోస్టాఫీసుకి వెళ్ళి ఫోను చేసి అనుమతి అడుగుతాను. లోపల నూనె ఇంకా ఆరలేదు. నిప్పు పెట్టనని రాసిచ్చాను."

"నువ్వు రాసిచ్చావు. నేను మాటిచ్చాను."

"నా సంతకం అక్కయ్యా అది. రేపు ఏదన్నా అయితే ఈ ఊరికి ఇంకో పైసా పని రాదు."

"ఒరేయ్, సత్రం కట్టింది చూడ్డానికిట్రా?"

ఆయన పోస్టాఫీసుకి పరుగెత్తారు. గొడుగు గేటు దగ్గరే వదిలేశారు. అక్కడ ఫోను పనిచేయలేదు. తీగలు ఎక్కడో తెగిపోయాయట. లాకుల బంగళాలో ప్రభుత్వపు ఫోను ఉంటుందేమోనని అటు పరుగెత్తారు. రక్షణలోకి తీసుకున్నప్పుడే అక్కడి ఫోను పీకేశారు.

ఆయన తిరిగి వచ్చే లోపల అత్తయ్య నిర్ణయం అయిపోయింది. జనాన్ని వెంటబెట్టుకుని రైసుమిల్లుకి నడిచింది. మిల్లు యజమాని గోడౌను తెరిచాడు. వసారా కింద ఇటుకలు పేర్చి, మిల్లు ఊకతోనే పొయ్యి పెట్టింది. నేను, నా బెంచీ పిల్ల, ఇంకో నలుగురు ఆడవాళ్ళు బియ్యం కడిగాం. గంగాళంలో పులగం ఉడకడం మొదలైంది.

ఈ లోపల నాన్నగారు ఏం చేశారో తరవాత విన్నాను. అనుమతి లేకుండానే సత్రం గేటు తాళం తీశారట. రెండు తలుపులూ బార్లా తెరిచి, జనం కోసం మిల్లుకి వచ్చారు. నిలువెల్లా తడిసి ఉన్నారు. తలుపులు తీశాను, అందరూ వచ్చేయండి అన్నారు. లంక పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడి, తువ్వాలు భుజం మీద నుంచి తీసి, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఫర్వాలేదండి మాస్టారూ. ఇక్కడ అన్నం ఉడుకుతోందండి. పిల్లలు కూడా సర్దుకున్నారండి. మళ్ళీ కదలడం ఎందుకులెండి, మీకు మాట వస్తది."

వాళ్ళు కోపంగా ఏదైనా అని ఉంటే బాగుండేది. ఎవరూ అనలేదు. అత్తయ్య తమ్ముడికి కూడా ఒక విస్తరి వేసింది. ఆయన కూర్చుని తిన్నారు. తెరిచిన సత్రం గేటు ఆ సాయంత్రం వరకూ అలాగే ఉండిపోయింది. లోపలికి ఒక్క మనిషి రాలేదు. చీకటి పడే ముందు ఆయనే వెళ్ళి తాళం వేసుకుని వచ్చారు.

నీళ్ళు తీశాక లంకవాళ్ళు వెళ్ళిపోయారు. పిల్లలకి వానాకాలపు బస లేదు. మా ఇంట్లో ఇద్దరిని పెట్టుకున్నాం, మిల్లువాళ్ళు ఒకరిద్దరిని. మిగిలిన ఆడపిల్లలను పడవ మీద రోజూ పంపడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. నా బెంచీ పిల్లని మా ఇంట్లోనే ఉంచమని నేను పట్టుపట్టాను. ఉంచుతామని అమ్మ కబురు పెట్టింది. ఒకరి ఇంట్లో ఉండటం వేరండి, సత్రంలో ఉండటం వేరండి అని వాళ్ళ నాన్న మొహమాటపడ్డాడు. సత్రంలో తినడం ఎవరికీ రుణపడటం కాదు. ఆ తేడాని నీలం బోర్డు పాతినవాళ్ళెవరూ లెక్కలో వేయలేదు. ఆ పిల్ల ఇక బడికి రాలేదు. మరుసటి వేసవిలో పెళ్ళి చేశారు. నా పక్కన బెంచీ మీద ఆ ఏడంతా పుస్తకాల సంచీ పెట్టుకున్నాను.

రెండు వానలు గడిచాయి. మూడో ఏడు కార్తీకంలో, పొద్దున్న పాలవాడు వచ్చే వేళకి, సత్రం వంటింటి దూలం ఒకటి మధ్యకి విరిగి పెంకులతో సహా కూలింది. వెళ్ళి చూస్తే కర్ర అనేది లేదు. పైన నూనె మెరుపు, కింద చెక్కిన చిలకలు, మధ్యలో అంతా చెదలు తిన్న పొడి. చేత్తో నొక్కితే అటుకుల్లా రాలింది. సత్రం కట్టిన నాటి నుంచి ఆ కర్ర దగ్గరికి చెద రాకపోవడానికి కారణం పొగేనని అప్పుడు అందరికీ తట్టింది. ముందే ఎవరికీ తట్టలేదు. నాన్నగారికి తట్టలేదు, ఇంజనీర్లకి తట్టలేదు, ఆ పొగలో బతికిన అత్తయ్యకీ తట్టలేదు. ఆమెకి పొయ్యి అన్నం వండడానికే.

అక్కడి నుంచి నాన్నగారు మళ్ళీ అర్జీలు మొదలుపెట్టారు, ఈసారి పొయ్యి వెలిగించడానికి అనుమతి ఇమ్మని. పాతికసార్లైనా ఆఫీసు చుట్టూ తిరిగి ఉంటారు. మారిన అధికారుల్లో ఒకావిడ మంచి మనిషి. ఆయనని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఫైలు తెరిచి చూపించిందట. "మాస్టారూ, నిప్పు నిషేధానికి ఆధారం మీరు రాసిన అర్జీయేనండి. ఇంత బాగా రాశారు. దీన్ని కాదని నేనేం రాయనండి?" ధూమము వలన నశించుచున్నది అన్న ఆ వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత కూడా గీశారట. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతూ ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. అత్తయ్య మజ్జిగ కలిపి ఇచ్చింది.

ఆ తరవాత వంటింటికి ఇనుప దూలాలు వేసి, వాటికి కర్ర రంగు పూసి, దాన్ని పూర్వకాలపు వంటశాల నమూనాగా మార్చారు. సిమెంటు పొయ్యి, పక్కన ఖాళీ బానలు, మైనపు వంకాయలు, పట్టుచీర కట్టి పెద్ద బొట్టు పెట్టిన ఆడమనిషి బొమ్మ. ప్రారంభోత్సవానికి అత్తయ్యని పిలిచి శాలువా కప్పారు. పొయ్యి ముందు కూర్చుని వంట చేస్తున్నట్టు ఫోటో ఇవ్వమన్నారు. ఆమె పీట మీద కూర్చుంది. పొయ్యి మీద ఇత్తడి గిన్నె ఉంది. మూత తీసి లోపలికి చూసింది.

"ఇందులో ఏమీ లేదేం నాయనా?"

"ఫోటోకే కదండీ మామ్మగారూ."

"ఖాళీ గిన్నె పొయ్యి మీద ఉంచరు నాయనా," అని, ఎవరినీ నొప్పించకుండా, గిన్నె రెండు చేతులతో దించి నేల మీద బోర్లించింది. లేచి, చెయ్యి అందించమని తమ్ముడి వైపు చూసింది. ఇద్దరూ గేటు దాటి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశారు. ఫోటో తీయలేకపోయారు. ఆ తరవాత ఆ ఇద్దరిలో ఎవరూ సత్రంలోకి వెళ్ళలేదు.

ఈ మొత్తం మీద నాకు చిరాకు తెప్పించేది ఒకటే. ఇందులో చెడ్డవాడు లేడు. ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నాన్నగారు సత్రాన్ని ప్రేమించారు. ఇంజనీరుగారు చిలకలను బయటికి తీశారు. కాపలా ఆయన కుర్చీ వేశాడు. ప్రతి ఒక్కరూ తమ పని తాము శ్రద్ధగా చేశారు. అలా చేసి చేసి, మనుషులు తినే చోటుని మనుషులు ముట్టుకోకూడని చోటుగా మార్చారు.

లెక్క తేల్చి ముగిస్తాను.

పోయినవి: వంటింటి కప్పు, దానితో పాటు సగం చిలకలు. గ్రంథాలయం పుస్తకాలన్నీ. లంక ఆడపిల్లలు ఆరుగురి చదువు. వరదొస్తే తిన్నగా నడిచి వచ్చే అలవాటు. ఇప్పుడు వాళ్ళు ఎదుటి గట్టు మీద తుఫాను షెల్టరుకి వెళతారు.

నిలిచినవి: మూడు కట్టడాల గోడలు, బంగళా తలుపులు, మిగిలిన చిలకలు, అరుగు, బోర్డు. ఇవి నిజంగానే నిలిచాయి. నాన్నగారు లేకపోతే ఇవీ ఇటుకల లెక్కన పోయేవి. అది కూడా రాయకపోతే లెక్క తప్పుతుంది.

అత్తయ్య ఆ తరవాత పద్దెనిమిదేళ్ళు మా ఇంట్లోనే ఉంది. తమ్ముడికి రోజూ రెండు పూటలా తనే వడ్డించింది. ఆ శుక్రవారం గురించి ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. ఆమె పోయిన రోజున నాన్నగారు మధ్యాహ్నం వేళ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, ఆకలేస్తోందని చెప్పడానికి ఎవరిని పిలవాలో తెలియక, చాలా సేపు అక్కడే నిలబడ్డారు.